ఊపిరి పీల్చే పలకల ఇల్లు

చీకటి పడ్డాక కిల్న్ రోడ్డు చివరి ఇంటి ముందు నుంచి మా గ్లెన్‌బర్వీలో ఎవరూ నడవరు. తప్పనిసరైతే రోడ్డు దాటి, అవతల గొర్రెల కంచె పక్కన బురదలో దిగబడుతూ వెళతారు గానీ ఆ గేటు ముందు నుంచి మాత్రం వెళ్ళరు.

ఎందుకంటే ఆ ఇల్లు ఊపిరి పీలుస్తుంది.

నవ్వకండి. చూసినవాళ్ళున్నారు. మాకు మంచు చలి మోసుకొచ్చే దక్షిణపు గాలి లేచిన రాత్రి ఆ ముందు గది కిటికీలోకి చూస్తే, గోడ మెల్లగా ముందుకు ఉబ్బుతుంది... ఒక్క క్షణం ఆగుతుంది... మళ్ళీ మెల్లగా వెనక్కి పోతుంది. నిద్రపోతున్న మనిషి రొమ్ము లేచి పడ్డట్టే.

దానికో కథ కూడా ఉంది. వంద ఏళ్ళ పైమాట — రంపపు మిల్లు మేనేజరొకడు కొత్త పెళ్ళాం లిడియా కోసం ఆ ఇల్లు కట్టించాడు. అంతా చెక్కే. పలక మీద పలక ఎక్కించి కొట్టిన గోడలు, వరండాకు చెక్కతోనే అల్లిన లేసు. కాపురానికొచ్చిన కొన్నాళ్ళకే లిడియా ముందు గదిలో దగ్గి దగ్గి పోయింది. ఆవిడ ఆఖరి ఊపిరికి బయటికి దారి దొరక్క గోడల్లోనే ఉండిపోయిందట.

దారి దొరకలేదట! ఆ ఇంట్లో పలకకీ పలకకీ మధ్య నా బొటనవేలు దూరుతుంది. ఊపిరి సంగతి వదిలెయ్యండి, బక్క గొర్రెపిల్ల కూడా బయటపడుతుంది.

నా పేరు రోరీ. ఊరి అగ్నిమాపక దళంలో జీతం లేని సభ్యుణ్ణి. ఈ కథలో సగం డౌగల్ చెప్పగా విన్నది, మిగతాది నీళ్ళ గొట్టం పట్టుకుని నా కళ్ళతో చూసింది. డౌగల్ కబేళాలో పనిచేస్తాడు. వాడు పట్టిన చేప పబ్బులో చెప్పిన ప్రతిసారీ పెరుగుతుంది. కానీ ఆ రాత్రి సంగతి మాత్రం ఎప్పుడు చెప్పినా ఒక్క ముక్క మారదు. అందుకే నమ్మాను.

ముందు ఆ ఇంటి ఆసామి గురించి చెప్పాలి — నోలీన్.

పెళ్ళి చేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నోలీన్‌కు ఇరవై ఏళ్ళు. ఇప్పుడు డెబ్బై దాటాయి. గోడలకు లోపల పూత ఏమీ లేదు. చెక్కల మీద గోనెగుడ్డ సాగదీసి మేకులు కొట్టి, దాని మీద పూల కాగితం అంటించారు. అంతే గోడ. బయట గాలి వీస్తే లోపల పూలు ఊగుతాయి. గోడలు సరిచేయిద్దాం అని ఆమె అన్నప్పుడల్లా మొగుడు "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. అలా అంటూ అంటూనే పోయాడు. సరే, నేనే చూసుకుంటానని ఆమె మనుషుల్ని పిలిచేసరికి ఊరి హెరిటేజ్ సంఘం వచ్చి గేటు దగ్గర నిలబడింది.

ఇది చారిత్రక కట్టడమట. ఒక్క పలక కదపకూడదట.

సంఘానికి అధ్యక్షురాలు మిసెస్ గ్వెండా ప్రింగిల్. ఆవిడ ఇల్లు కొత్తది, ఇటుకలది, కిటికీలకు జోడు అద్దాలు, నేల కింద వేడి గొట్టాలు. మాకు నడి చలికాలమైన జూలైలో కూడా ఇంట్లో ఒట్టి కాళ్ళతో తిరుగుతుంది. పాత ఇళ్ళంటే ఆవిడకు ప్రాణం — అందులో వేరేవాళ్ళు ఉన్నంతవరకూ.

చలి రాకుండా గోడల్లో ఉన్ని కూరుకుంటానంది నోలీన్. కూడదన్నారు. గోడలోని మంటగూట్లో కట్టెలు వేస్తే వేడంతా పొగగొట్టంలోకే పోతోంది, ముందు గదిలో పొయ్యి పెట్టుకుంటానంది. పాత మంటగూటి చుట్టూ ఉన్న చెక్కడం పాడవుతుందన్నారు. పాపం, ఏళ్ళ తరబడి వంటింట్లో చిన్న పొయ్యి పక్కనే బతికింది. ప్రతి చలికాలం దగ్గు ముందుగా వచ్చి ఆలస్యంగా పోయేది. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు — ఇంకొక్క చలికాలం ఆ ఇంట్లో అలాగే గడిపితే ఆ తరవాతి చలికాలం చూడవు, అని.

అప్పటికి కౌన్సిల్ కాస్త కదిలింది. ఇంటి విలువ తేల్చమని పట్నం నుంచి ఒక పండితుణ్ణి రప్పించింది. డాక్టర్ ఆంబ్రోస్ ఫెల్. మందులిచ్చే డాక్టరు కాదు, పాత గోడలు చదివే డాక్టరు.

ఆయన కిల్న్ రోడ్డులో దిగిన వైభవం చూసి తీరాలి. పలకల్ని నిమిరాడు. తలుపు చెక్కను వాసన చూశాడు. వరండా లేసు కింద నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆ చెక్కను బూజు తినేస్తోందని నేను చెప్పబోతే "ష్..." అన్నాడు, గుళ్ళో ఉన్నట్టు.

ఆ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో సభ. హాల్లో పెద్ద హీటరు నడుస్తోంది. ఫెల్ గారు కోటు విప్పి కుర్చీకి తగిలించి మొదలుపెట్టాడు. ఈ ఇంటి ఆత్మ దాని లోపలి చెక్కలోనే ఉంది. ముఖ్యంగా ముందు గది. గోడల చుట్టూ నడుమెత్తు వరకూ ఇక్కడి అడవుల్లో పెరిగిన మేలైన రీము చెక్క, ఒక్క మేకు మార్చకుండా అప్పటిది అప్పటిలాగే ఉన్న గది. ఈ జిల్లాలో అలాంటిది ఇంకొకటి లేదు.

"మరి చలో?" అంది నోలీన్ వెనక వరసలోంచి.

"అమ్మా, చలి కూడా అనుభవంలో భాగమే. మన పూర్వులు ఒక మంచి ఉన్ని దుప్పటి కప్పుకుని హాయిగా పడుకునేవారు."

"వాళ్ళంతా ఇప్పుడు కొండ మీద శ్మశానంలో హాయిగా పడుకున్నారు నాయనా."

హాలంతా నవ్వింది. మిసెస్ ప్రింగిల్ నవ్వలేదు. ఫెల్ గారు మాత్రం చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు నవ్వి, "గోడలు కదులుతాయని మీ ఊళ్ళో భయపడతారట. నాకది ఎంత అందంగా అనిపించిందో! ఆ ఇల్లు ఊపిరి పీలుస్తోంది" అన్నాడు.

నోలీన్ లేచి నిలబడింది. లేవడానికే ఆయాసపడింది.

"ఇల్లు పీలుస్తోంది బాబూ. నాకే ఆడటం లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకైతే ఆ పండితుడి కోటు తీసి హీటరు మీద పడేద్దామన్నంత కోపం వచ్చింది. ఫెల్ గారు నివేదిక ఇచ్చాకే నిర్ణయం అని కౌన్సిల్ వాళ్ళు తప్పుకున్నారు. మూడు రోజులు తిరక్కుండానే నోలీన్‌ను అంబులెన్సులో తీసుకెళ్ళారు. నిమోనియా. ఇంటికి తాళం పడింది.

అది గుర్తుంచుకోండి. ఇల్లు ఖాళీ. ఊరందరికీ తెలుసు.

ఇక డౌగల్ రాత్రి.

ఆ రాత్రి దక్షిణపు గాలి మామూలుగా లేదు. వడగళ్ళు అడ్డంగా కొడుతున్నాయి. పబ్బులో గోడబల్లకు చిన్న బాణాలు విసిరే పోటీ ముగించుకుని, మటన్ కూరిన వేడి పై రొట్టె ఒకటి కాగితంలో చుట్టించి కోటు లోపల పెట్టుకుని డౌగల్ ఇంటికి బయల్దేరాడు. రోజూ వెళ్ళే వంతెన దారిలో పెద్ద చెట్టు అడ్డంగా పడి ఉంది. మిగిలింది ఒకటే దారి.

కిల్న్ రోడ్డు.

"నాకేం భయం వెయ్యలేదు" అంటాడు డౌగల్. "ఊరికే... తొందరగా నడిచానంతే."

కంచె పక్కకు వెళదామంటే అటు బురద పొంగి కాలువైంది. రోడ్డు మీదే నడవాలి. తల వంచుకుని, ఇంటి వైపు చూడకుండా నడుస్తున్నాడు.

అప్పుడు వినిపించింది.

ఒక అరుపు... సన్నగా, పొడుగ్గా, పళ్ళు జివ్వుమనేటట్టు — ఇంటి లోపలి నుంచి. గాలి కాదు. గాలి చప్పుడు వాడికి తెలుసు. ఇది గోడ లోపల ఎవరినో పట్టి లాగుతున్నట్టుంది.

ఆగిపోయింది.

డౌగల్ కాళ్ళు కూడా ఆగిపోయాయి.

మళ్ళీ అరుపు... ఈసారి ఇంకా పొడుగ్గా. చివర్లో ఫట్‌మని ఏదో విరిగింది.

చూడకూడదనుకుంటూనే చూశాడు. తాళం వేసిన ఇల్లు. కరెంటు దీపం లేదు. కానీ ముందు గది కిటికీలో ఎర్రటి వెలుగు... పెరుగుతోంది, తగ్గుతోంది. ఆ వెలుగులో గోడ మీది పూలు ముందుకు వస్తున్నాయి... వెనక్కి పోతున్నాయి...

"లిడియా..." అన్నాడు డౌగల్ గొంతులోనే.

పిలిచినట్టే గోడ పక్కనుంచి ఒక ఆకారం లేచింది. తెల్లగా, తల నుంచి నేల దాకా తెల్లగా. చేతిలో పొడుగాటిదేదో ఉంది. దాన్ని పైకెత్తింది... మోకాలి మీద వేసి ఫట్‌మని విరిచింది.

నా ఎముక కూడా అలాగే విరుస్తుంది అనుకున్నాడట డౌగల్.

ఆకారం మెల్లగా కిటికీ వైపు తిరిగింది. దానికి ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట నల్లగా... ఒట్టి నలుపు. ఆ నలుపులో రెండు కళ్ళు తెల్లగా తెరుచుకున్నాయి. కింద పళ్ళు. ఆ పళ్ళు ఒకదానికొకటి టకటకా కొట్టుకుంటున్నాయి.

అది చెయ్యి చాపింది. అద్దం మీద తట్టింది.

"లో... లోపలికి... రా..."

అంతే. డౌగల్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. వాడి కాళ్ళు వాణ్ణి ఎప్పుడు లేపుకెళ్ళాయో వాడికే తెలీదు. మటన్ రొట్టె ఎక్కడో పడిపోయింది. మర్నాడు ఆ కాగితాన్ని మా కుక్క తెచ్చింది.

వాడు వచ్చి పడింది మా తలుపు మీద.

"ఒరేయ్ రోరీ... లేవరా... నోలీన్ ఇంట్లో... దెయ్యం..."

"తాగింది చాల్లే, పోయి పడుకో."

"నీ కాళ్ళు పట్టుకుంటారా... ఎముకలు విరుస్తోందిరా... గదంతా ఎర్రగా... పొగ..."

"ఏమన్నావు? పొగా?"

దెయ్యాలకు మా దళంలో ఏర్పాటేమీ లేదు. పొగకు ఉంది. వంద ఏళ్ళు ఎండిన చెక్క ఇంట్లో పొగంటే ఆట కాదు. పరుగెత్తి సైరన్ మోగించాను.

మా ఊళ్ళో సైరన్ మోగితే దళం ఒక్కటే రాదు, ఊరంతా వస్తుంది. రాత్రి దుస్తుల మీద కోట్లు వేసుకుని, రబ్బరు బూట్లతో, ఒకళ్ళు టార్చితో, ఒకళ్ళు బకెట్టుతో. మేం బండితో చేరేసరికి గేటు ముందు జనం. పొగగొట్టం లోంచి నిప్పురవ్వలు ఎగిరి గాలికి కొట్టుకుపోతున్నాయి. మిసెస్ ప్రింగిల్ కారు దిగి గౌను ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"నీళ్ళు కొట్టకండి! లోపలి కాగితం తడిసిపోతుంది! ముందు గదిని కాపాడండి!" అని నా చెయ్యి పట్టుకుంది.

నాకు అప్పుడు నోలీన్ గుర్తొచ్చింది. ఆ గది మీద పెట్టిన ప్రేమలో చిటికెడు ఆ మనిషి మీద పెట్టి ఉంటే... సరే, గొడవ పడటానికి సమయం కాదు. తలుపు తోస్తే రాలేదు, తేమకు ఉబ్బి బిగుసుకుంది. భుజంతో గుద్దాను.

అరుపు మళ్ళీ వినిపించింది. ఈసారి అందరూ విన్నారు. సన్నగా, పొడుగ్గా... జనమంతా ఒక్క అడుగు వెనక్కి వేశారు. డౌగల్ ఎప్పుడో బండి కింద దూరాడు.

నిజం చెప్పొద్దూ, ఆ అడుగు నేనూ వేశాను.

రెండో గుద్దుకు తలుపు తెరుచుకుంది. చీకటి నడవ. రెండు వైపులా గోడలు నా మీదికి ఉబ్బి వస్తున్నాయి. మధ్యలోంచి పోయి ముందు గది తలుపు తోశాను. టార్చి వేశాను.

మంటగూట్లో మంట ఉవ్వెత్తున మండుతోంది. దాని ముందు తెల్లటి ఆకారం గొంతుక్కూచుని, బొగ్గులు లాగే ఇనప కడ్డీతో గోడ అడుగున ఉన్న పలకను పెకలిస్తోంది. పాత మేకు చెక్కను వదల్లేక వదులుతూ కీచుమంటోంది. అదీ ఆ అరుపు.

ఆకారం నా వైపు తిరిగింది. నోలీన్ మంచం మీది తెల్ల దుప్పటి, దాని మీద కిటికీ తెర, దాని మీద బల్లగుడ్డ. పొగగొట్టంలో పక్షి గూడు అడ్డుపడి మసంతా ముఖం మీదికి తన్నినట్టుంది. నలుపు తప్ప ఏమీ కనపడటం లేదు. మెడలో ఒక కళ్ళజోడు తాడుకు వేళ్ళాడుతోంది.

ఆ కళ్ళజోడు నేను హాల్లో చూశాను.

"డాక్టర్ ఫెల్ గారా?!"

నా వెనకే వచ్చిన మిసెస్ ప్రింగిల్ చేతిలో టార్చి గదంతా తిరిగింది. మంటగూటి చుట్టూ ఉన్న చెక్కడం లేదు. గోడ చుట్టూ నడుమెత్తు వరకూ ఉన్న రీము పలకలు లేవు. పటాలు తగిలించే పట్టీ లేదు. కిటికీ చట్రం సగం లేదు. ఒట్టి గోనెగుడ్డ వేళ్ళాడుతూ ఊగుతోంది.

తరవాత బయటపడింది సంగతి. మంచి దుప్పటి చాలని హాల్లో అన్నాడు కదా. ఆ మాట రుజువు చేసి, ఆ ఇంట్లో ఒక రాత్రి నేనే హాయిగా గడిపాను అని నివేదికలో రాసుకుందామని ముచ్చట పడ్డాడు. పగలు కొలతలు చూసుకోవాలని చెప్పి, సంఘం దగ్గరున్న తాళంచెవి మిసెస్ ప్రింగిల్‌ను అడిగి తీసుకున్నాడు; రాత్రి సంగతి ఆవిడక్కూడా చెప్పలేదు. నోలీన్‌ను ఒక్క మాట అడగలేదు సుమండీ. కారు మోటెల్ దగ్గరే వదిలి చాటుగా నడిచి వచ్చాడు. పూర్వుల దుప్పటితో పాటు ఒక కరెంటు హీటరు కూడా సంచీలో తెచ్చుకున్నాడు, అది వేరే సంగతి. హీటరు పెట్టగానే ఆ ముసలి ఫ్యూజు కాలిపోయింది. చీకటి. నోలీన్ కట్టెల కొట్టు ఖాళీ. తిరిగి పోదామంటే వీధి తలుపు బిగుసుకుంది. వంటింటి తలుపు వైపు పోవాలంటే ఆ నడవ మొత్తం దాటాలి. నడవలో రెండు గోడలూ ఊపిరి పీలుస్తున్నాయి. ఎంతో అందంగా అనిపించిన ఆ ఊపిరి మధ్యలోంచి నడవడానికి ఆయనకు గుండె చాల్లేదు. ఇక చేతికందింది పెకలించడం మొదలుపెట్టాడు. మధ్యలో కిటికీ బయట డౌగల్ కనపడితే పాపం రమ్మని పిలిచాడు. వాడు పారిపోయాడు.

ఇక చేతికందింది పెకలించడం మొదలుపెట్టాడు.

"ఆంబ్రోస్..." అంది మిసెస్ ప్రింగిల్. "అది... అది రీము చెక్క. జిల్లాలో ఇంకొకటి లేదన్నారు మీరే..."

ఆయన ఆవిడ వైపు చూశాడు. పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. చేతిలో ఉన్న పలకను మోకాలి మీద విరిచాడు. రెండు ముక్కలూ మంటలో వేశాడు.

"బా... బాగా మండుతోందండీ" అన్నాడు.

కిటికీల్లోంచి ఊరంతా చూస్తోంది. ఆ మాట ఊరంతా వింది. దాన్ని ఏ సంఘమూ వెనక్కి తీసుకోలేదు.

ఆ నెలాఖరులో కౌన్సిల్ కూర్చుంది. ఇంటి విలువంతా ముందు గదిలోనే ఉందని పండితుడు సభలో చెప్పాడు. ఆ ముందు గదిని పండితుడే పొయ్యిలో పెట్టాడు. ఇక కాపాడటానికి ఏం మిగిలిందని ఒక సభ్యుడు అడిగితే మిసెస్ ప్రింగిల్ చేతిసంచీలో ఏదో వెతుక్కుంది. ఇల్లు చారిత్రక కట్టడాల జాబితాలోంచి తీసేశారు. నోలీన్ తన గోడల్ని తన ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు.

ఆ కబురు చెప్పడానికి నేనే ఆస్పత్రికి వెళ్ళాను. నోలీన్ దిండుకు ఆనుకుని కూర్చుంది. బుగ్గల్లోకి కాస్త రంగు వచ్చింది. ఫెల్ గారి కథంతా అభినయించి మరీ చెప్పాను. నవ్వి నవ్వి దగ్గింది, దగ్గి దగ్గి నవ్వింది. నర్సు వచ్చి నన్ను కోప్పడి వెళ్ళింది. కౌన్సిల్ సంగతి చెప్పాక మాత్రం ఆమె నవ్వు ఆపేసింది.

"ఉన్ని కూరుకోవచ్చన్నారా? పొయ్యి కూడానా?"

"అన్నీ. వచ్చే సోమవారమే మా దళం వాళ్ళం వచ్చి మొదలుపెడతాం. నువ్వు ఇంటికొచ్చేసరికి సిద్ధం."

కాసేపు దుప్పటి అంచు సవరించుకుంది. తరవాత గొంతు తగ్గించి అడిగింది.

"ఒరేయ్ రోరీ, ఆ రాత్రి నువ్వు లోపలికి వెళ్ళావు కదా. గది వెచ్చబడిందా?"

"వెచ్చబడటమా! కోటు గుండీలు విప్పుకోవాల్సి వచ్చింది."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"యాభై ఏళ్ళు ఉన్నానురా ఆ ఇంట్లో" అంది. "ఆ గది వెచ్చగా ఉంటే ఎలా ఉంటుందో నాకు ఇంతవరకూ తెలీదు."